నార్మల్ రిపోర్టు, నల్లబడ్డ మెడ

ప్రతి ఆదివారం పొద్దుగాల మా ఇంట్ల ఒకటే లొల్లి. మా బిడ్డను బాత్రూంల పీట మీద కూసోబెట్టి, జుట్టు పైకి ముడేసి, మెడ వెనక రుద్దుడు నా పని. శనగపిండితోని రుద్దిన. పెరుగుల పసుపు కలిపి రుద్దిన. నిమ్మచెక్క మీద చక్కెర చల్లి రుద్దిన. ఒకసారి వంటసోడా కూడ. ఏదీ పని చెయ్యకపోతే ఆఖరికి గిన్నెలు తోమే పీచు అందుకున్న. ఈ మాట రాస్తుంటె నా చేతులు నేనే ఇరగ్గొట్టుకోవాల్నని ఉన్నది. అయినా రాస్త.

పోరికి పన్నెండేండ్లప్పుడు మొదలైంది ఆ నలుపు. ముందు గొలుసు పెట్టుకున్న గీత లెక్క సన్నగ ఉండె. గిల్టు గొలుసు పడలేదేమో అని గొలుసు తీసేసిన. తొమ్మిదో తరగతికి వచ్చేటాల్లకు మెడ వెనకంత పరుచుకున్నది. చెయ్యి పెడితె మందంగ, మఖ్మల్ బట్ట లెక్క తగిలేది. పక్కన చిన్న చిన్న పులిపిర్లు. చంకల కూడ అదే నలుపు. నేను మాత్రం మురికి అన్న. రెండేండ్లు అదే మాట అన్న. "ఇంత పెద్ద పోరివైనవు, మెడ కడుక్కొనుడు రాదా?" అని ఇరుగుపొరుగు వినంగ అరిచిన.

నేను జాకెట్లు కుడత. జహీరాబాద్‌ల బొంబాయి రోడ్డుకు రెండు గల్లీల లోపల మా ఇల్లు, ముందటి అర్రల మిషన్. లారీలు పోతుంటె కత్తెర కూడ వణుకుతది. ఇరవయ్యేండ్ల సంది ఊరోళ్ళ మెడలు, భుజాలు, నడుములు కొలుస్తున్న. ఎవరికి భుజం జారుతది, ఎవరికి వీపు వంగింది, చూడంగనే చెప్త. అట్లాంటి దాన్ని, నా ఇంట్ల పోరి మెడ చూసి ఏం చేసిన? బడి డ్రెస్సుకు కాలర్ కుట్టిన. అందరి పిల్లలకు గుండ్రటి మెడ గల్ల, మా పోరికొక్కదానికే కాలర్. టీచరమ్మ ఎందుకని అడిగితె, ఎండ తగలకుండ అని చెప్పిన. నా తెలివి మీద మన్ను పొయ్య.

మెడ ఒక్కటైతె ఏమో. ఆకలి చూడాలె ఆ పోరిది! బడి నుంచి రాంగనే బువ్వ. గంటకు చాయ్, చాయ్‌ల ముంచుకొని అరడజను బిస్కెట్లు. మల్ల రాత్రికి బువ్వ. తిన్న పది నిమిషాలకు పుస్తకం ముందటేసుకొని తూగుడు. చెంప మీద నోట్‌బుక్ గీతలు పడేటివి. నేను మిషన్ ఆపి లేపుడు, అది మల్ల ఒరుగుడు. "తినుడు, పండుడు, ఇంతేనా నీ బతుకు?" అంటె పోరి కండ్ల నీళ్ళు పెట్టుకొని, "నాకే ఏమో అయితున్నదమ్మా, నేను కావాలని చేస్తలేను" అనేది. ఎవరు నమ్మాలె? నేనైతె నమ్మలే. నెలసరి కూడ రెండు మూడు నెలలకొకసారి వచ్చేది. చిన్నపిల్ల కద, కుదురుకుంటదిలే అనుకున్న.

మా అత్తమ్మది వేరే లెక్క. "తినే పోరిని తిననియ్యవే, నువ్వు కన్న తల్లివా మారుతల్లివా?" అని నన్నే తిట్టేది, పళ్ళెంల ఇంకో గంటెడు బువ్వ ఏసేది. మా ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీల పని చేస్తడు. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు మిర్చిబజ్జీలో, చెరుకురసం బాటిలో పట్టుకొని వస్తడు. నేను వద్దనుడు, వాళ్ళు పెట్టుడు. ముగ్గురం కలిసి ఒక్క పోరిని మూడు దిక్కుల గుంజినం.

మా ఇంట్ల షుగర్ అంటె ఉత్త మాట కాదు. మా మామకు షుగర్ ఉండె. ముందు కాలి వేలు పోయింది, తర్వాత పాదం తీసేసిన్రు, ఆ తర్వాత రెండేండ్లు మంచంలనే ఉండి పోయిండు. పుండు కడిగింది మా అత్తమ్మనే. అందుకని ఆమెకు ఆ పేరు ఎత్తితెనే గడగడ. మనవరాలు ఇట్ల తూగుతుంటె ఆమెకూ లోపల దడ పుట్టింది. ఏం చేసిందో తెలుసా? వారం రోజులు పోరి బాత్రూం పోయొచ్చినంక ఎనకనే పోయి, చీమలు పట్టినయా లేదా అని వంగి చూసింది! "చీమలు లేవు, షుగర్ లేదు" అని నాకు ఖబర్ చెప్పింది. నవ్వాల్నో ఏడ్వాల్నో తెలువలే.

నేను ఊకోలే, రక్తం చూపిద్దాం అన్న. సరేనన్నరు. తెల్లారి టెస్టు అనంగ మా అత్తమ్మ పోరితోని ఒక్కపొద్దు పట్టించింది. దేవునికి ఉన్నట్టు, టెస్టుకు ఒక్కపొద్దు! రోజంత సల్ల, రెండు అరటిపండ్లు, పొద్దుమీకి కాకరకాయ రసం. రక్తం సాఫ్ అయితదట. మా ఆయన కూడ తలూపిండు. ఫ్యాక్టరీల ఏడాదికోసారి రక్తం చూస్తరంటె వీళ్ళంత వారం ముందు నుంచి అన్నం బంద్ పెట్టి, రొట్టెలు తిని, పొద్దుగాల లేచి ఉరుకుతరు. రిపోర్టు నార్మల్ రాంగనే అదే రోజు బిర్యానీ. పరీక్ష పాసైనట్టు ఒకరికొకరు చేతులు కలుపుకుంటరు. ఎవరిని మోసం చేస్తున్నరో నాకైతె సమజ్ కాదు.

పరగడుపున తీసిన షుగర్ ఎనభై ఎనిమిది వచ్చింది. నార్మల్. ఇగ చూడాలె సంబురం! మా ఆయన జిలేబీ తెచ్చిండు. షుగర్ లేదన్న సంతోషానికి జిలేబీ! మా అత్తమ్మ ఆ కాయితాన్ని దేవుని పటం ఎనక చెక్కి పెట్టింది. నేను ఎప్పుడు నోరు తెరిచినా ఆ కాయితం తీసి నా ముందర ఆడిచ్చేది. "డాక్టర్ల కంటె ఎక్కువ చదివినవా?" అనేది. ఆమెకు చదువు రాదు, నార్మల్ అన్న మాట ఎక్కడున్నదో మాత్రం వేలు పెట్టి చూపెట్టేది.

వాళ్ళ మీద ఇంత కోపం తెచ్చుకుంటున్న గని, అందరికంటె పాపిష్టి పని చేసింది నేనే. రిపోర్టు నార్మల్ వచ్చినంక నాకు బలం దొరికింది. జబ్బు లేదు కాబట్టి బద్ధకమే. జబ్బు లేదు కాబట్టి మురికే. ఆ ఆదివారం పీచు తీసుకున్నది అందుకనే. తోలు లేచి రక్తం చెమ్మ వచ్చింది. పోరి అరవలే. పీటను రెండు చేతుల్తోని గట్టిగ పట్టుకొని కూసున్నది. నేను ఆగినంక లేచి, తువ్వాలు కప్పుకొని పోయింది.

బడిల వార్షికోత్సవం వచ్చింది. మా పోరి చిన్నప్పటి సంది డాన్స్ అంటె ముందుంటది. ఆ ఏడు మాత్రం పేరు తీసేయించుకున్నది. ఎందుకే అంటె, చదువుకోవాలె అన్నది. సంతోషపడ్డ కూడ, నా మొఖానికి. వారం తర్వాత దాని దోస్తు తల్లి జాకెట్ కుట్టించుకుందామని వచ్చి కొలతలిచ్చుకుంట చెప్పింది. డాన్స్ డ్రెస్సుకు వీపు దిక్కు గల్ల కిందికి ఉన్నదట. మా పోరి వేసుకొని చూస్తుంటె ఎనక నిలబడ్డ ఇంకో పిల్ల, "నువ్వు స్నానం చెయ్యవా?" అన్నదట. అందరు నవ్విన్రట. ఆ పిల్ల అన్నది ఒక్కసారి. నేను రెండేండ్ల సంది అంటున్న.

మా ఊరికి వారానికోసారి ఒక చర్మం డాక్టరమ్మ వస్తది. మెడ తెల్లగయ్యే మలాం రాయించుకుందామని తీసుకపోయిన. పోంగ పోంగ మా అత్తమ్మ ఆ నార్మల్ కాయితం కూడ చేతిల పెట్టింది, పనికొస్తదని.

డాక్టరమ్మ మెడ చూసింది. చంకలు చూసింది. నెలసరి సంగతి, తిన్నంక నిద్ర సంగతి పోరినే అడిగింది. తర్వాత ఆ గీరుకపోయిన చోట వేలు పెట్టి, "ఇది ఎవరు చేసిన్రు?" అన్నది. నేను నేల చూసిన. పోరి, "పడ్డ మేడం" అన్నది.

"మలాం సంగతి తర్వాతమ్మా. ముందు లోపల ఏమైతున్నదో చూడాలె. ఇంట్ల షుగర్ ఉన్నోళ్ళు ఉన్నరా?"

నేను టక్కున కాయితం తీసిన. "మా మామకు ఉండె మేడం, పాదం తీసేసేదాక పోయింది. పోరికి చూపించినం, నార్మల్."

ఆమె కాయితం చూసి పక్కకు పెట్టింది. "పరగడుపు షుగర్ నార్మలే. ఒక ఇంట్ల కోడలు నలుగురి పని ఒక్కతే చేస్తున్నదనుకో. ఇల్లు సాఫ్‌గ ఉంటది, టైముకు వంట అయితది. బయటోళ్ళు వచ్చి చూస్తె ఈ ఇంట్ల ఏ కష్టం లేదంటరు. ఆ కోడలు పడిపోయిన నాడు తెలుస్తది. షుగర్‌ను ఒళ్ళు వాడుకోవాలంటె ఇన్సులిన్ కావాలె. మీ పాప ఒళ్ళు ఆ ఇన్సులిన్ మాట వింటలేదు. అందుకని లోపల అది ఎక్కువెక్కువ తయారైతున్నది, షుగర్‌ను నార్మల్‌ల పట్టుకొని నిలబెడుతున్నది. ఆ ఎక్కువైన ఇన్సులిన్‌కే తోలు ఇట్ల నల్లగ మందమైతది. ఆకలి, తూగుడు, నెలసరి తప్పుడు, అన్ని దాంతోనే కలిసి వస్తయి."

"మరి నార్మల్ ఉన్నది కద మేడం?" అన్న మల్ల. ఎంత మొండి బుర్రనో చూడున్రి.

ఆమెకు కూడ యాష్టకొచ్చింది. "నార్మల్ కాయితం పట్టుకొని కూసుంటె, అది నార్మల్ కాకుండ పోయే నాటికి పదేండ్లు పోతయమ్మా. మీ మామకు ఆఖరుకు తెలిసింది. ఈ పాపకు ముందే తెలుస్తున్నది, మెడ చెప్తున్నది." అని, "నడుము ఎంత ఉన్నది?" అని టేపు కోసం డెస్క్ సొరుగు తీసింది.

టేపు అక్కర లేకుండె. నా నోట్లకెల్లి అదే వచ్చింది. "ముప్పై నాలుగు. పోయిన ఏడు జూన్‌ల ముప్పై ఒకటి. అంతకుముందు ఇరవై ఎనిమిదిన్నర. ఎత్తు మాత్రం రెండేండ్లల్ల రెండించీలే పెరిగింది." ఏటా బడి డ్రెస్సు కుట్టేటప్పుడు నా నోట్‌బుక్‌ల రాసుకుంట. పిల్లల బట్టలకు పక్క కుట్లల్ల బట్ట వదిలిపెట్టుడు మా దర్జీల అలవాటు, ఎదిగే పిల్లలు కదా. మూడు నెలలకోసారి ఆ కుట్టు విప్పి వదులు చేసిన. విప్పినప్పుడల్ల, ఎదుగుతున్నది అని మురిసిపోయిన. భుజం ఎదగక, చెయ్యి పొడుగు ఎదగక, నడుమొక్కటే ఎదుగుడేందని ఒక్కసారి సోయికి రాలే. వేరే వాళ్ళ బిడ్డ అయితె వచ్చేదేమో.

డాక్టరమ్మ, "ఇన్ని కొలతలు మీ దగ్గరనే ఉన్నయా?" అన్నది. అంతే అన్నది గని నాకు చెంప మీద కొట్టినట్టయింది.

పరగడుపు ఇన్సులిన్, గ్లూకోజ్ నీళ్ళు తాగించి రెండు గంటలకు మల్ల రక్తం, కొవ్వు, మూడు నెలల సగటు షుగర్. ఇన్ని రాసిచ్చింది. ముందు మూడు రోజులు రోజూ తిన్నట్టే తినాలె అని గట్టిగ చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పంగనే మా అత్తమ్మ, "తిని పోతె షుగర్ వస్తది కద, పిచ్చిదానా?" అన్నది. "రానియ్యి అత్తమ్మా, ఉంటె రానియ్యి! దాచిపెట్టి ఎవరిని గెలుస్తవు?" అని మిషన్ మీద కత్తెర కొట్టి అరిచిన. ఆమె మీద అంత గొంతు ఎప్పుడూ లేపలే. ముసలామె బిత్తరపోయి అరుగు మీదికి పోయి కూసున్నది. తర్వాత చూస్తె కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తున్నది. "దీనికి కూడ కాలు తీస్తరా ఏందే?" అన్నది. ఆమె ఒక్కపొద్దులు, చీమలు, దేవుని పటం ఎనక కాయితం, అన్ని ఆ భయానికే. నా కోపం ఎటు పోయిందో. పక్కన కూసున్న.

ల్యాబ్‌ల ఇంకో తమాషా. అక్కడున్నాయన చీటీ చూసి, "చిన్నపిల్లకు ఇన్సులిన్ ఎందుకమ్మా? ఉత్త షుగర్ చూస్తె సాలు" అన్నడు. "నువ్వు సుద్దులు చెప్పకు నాయనా, రాసింది రాసినట్టు తియ్యి" అన్న. రక్తం హైద్రాబాద్ పంపుతరట, నాలుగు రోజులు పడ్తదట. ఆ నాలుగు రోజులు నేను కుట్టిన జాకెట్లన్ని మల్ల విప్పి కుట్టాల్సి వచ్చింది.

రిపోర్టు వచ్చింది. మా ఆయన పైనుంచి కిందికి చూసి, "షుగర్ నార్మలే ఉన్నది కద!" అన్నడు. ఓరి దేవుడా! కాయితం గుంజుకొని ఇన్సులిన్ ఉన్న గీత మీద నా వేలు పెట్టిన. ఉండాల్సిన దానికి మూడింతల మీదనే ఉన్నది. కొవ్వు కూడ పెరిగింది. "చదువు. నార్మల్ అన్న మాట ఒక్కటే చదువొస్తదా నీకు? మీ నాయన కాలుకు కట్టు కట్టినప్పుడు చూసినవు కదా?" ఆయన తెల్లారి నుంచి ఖాళీ చేతుల్తోనే ఇంటికొచ్చుడు షురూ చేసిండు.

డాక్టరమ్మ, "ఇది ఇంకా షుగర్ జబ్బు కాదు. దాని తొవ్వ మీద ఉన్నది, ఎనకకు తిప్పొచ్చు" అన్నది. బిస్కెట్లు, రసాలు బంద్. బువ్వ తగ్గించి, పప్పు, కూరగాయలు, గుడ్డు పెంచుమన్నది. తిన్నంక నడక. పోరిని ఒక్కదాన్ని కాదు, ఇంటిల్లిపాదీ అట్లనే తినాలె అన్నది. మా అత్తమ్మది ఝరాసంగం దిక్కు ఊరు. జొన్నరొట్టె తిని పెరిగిన మనిషి. పట్నం కోడలింట్ల మూడు పూటలు సన్నబియ్యం తింటున్ననని ఊర్ల గొప్పగ చెప్పుకునేది. మల్ల రొట్టెలు కొట్టాలె అంటె, "ఇన్నేండ్లకు గరీబుతనం వచ్చింది" అని గునిసింది. గునుసుకుంటనే కొట్టింది. ఆమె చేతి రొట్టె నాకు ఇప్పటికి రాదు.

పొద్దుమీకి తిన్నంక పోరితోని నేను కూడ నడుస్త. మొదట్ల పోరి నాకు పది అడుగుల ముందర నడిచేది, మాట లేదు. నేను ఏదో ఒకటి అడుగుడు, అది ఊఁ అనుడు. నెల గడిచినంక తూగుడు తగ్గింది. బడి ముచ్చట్లు రెండు మూడు నోట్లకెల్లి వచ్చినయి. పక్క కుట్టు ఈసారి లోపలికి పట్టిన. ఎన్ని వేల కుట్లు ఏసిన్నో గని, ఆ కుట్టు ఏసేటప్పుడు కండ్లకు నీళ్ళడ్డం వచ్చినయి.

మూడు నెలలకు మల్ల రక్తం చూపించి డాక్టరమ్మ దగ్గరికి పోయినం. ఇన్సులిన్ దగ్గరదగ్గర సగానికి దిగింది. "శభాష్" అని ఆమె పోరి భుజం తట్టింది. పోరి నవ్వింది. నాకు ఎంత నిమ్మళమైందో చెప్పలేను. ఆ నిమ్మళంల నా నోరు ఊకున్నదా? లేదు.

"అంత మంచిగనే ఉన్నది మేడం. మెడ ఒక్కటే ఇంకా పోలేదు. స్నానం చేసేటప్పుడు సరిగ రుద్దుకోదేమో" అన్న.

అన్నంక నాకే వినబడ్డది. మా బిడ్డ నా దిక్కు చూడలే. కుర్చీల ముందుకు జరిగి, డాక్టరమ్మను నిమ్మళంగ అడిగింది.

"మేడం, ఇది మురికి కాదని జర కాయితం మీద రాసిస్తరా?"

"రాస్తనమ్మా. బడిల చూపెట్టడానికా?"

"కాదు మేడం. మా అమ్మకు."